పక్కింటావిడ గడప

కొబ్బరిపీచు ఇటుకని ఎప్పుడైనా చూశారా? నేను పోయిన నెలదాకా చూడలేదు. ఫ్రిస్కోలో మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న పెంపుడు జంతువుల దుకాణంలో, చేపల తొట్లకీ కుక్క బిస్కెట్లకీ మధ్య అరలో, మూడేసి చొప్పున కట్టగట్టి అమ్ముతున్నారు. గోధుమరంగులో, గట్టిగా, అచ్చం ఇటుకలాగే ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో వెయ్యమని కవరు మీద రాసుంది. గరాజ్‌లో బకెట్ ముందు పీట వేసుక్కూర్చుని వేశాను. ఇటుక మెల్లగా విచ్చుకుంది, ఉబ్బింది, బకెట్ అంచుదాకా పొంగింది. దాంతోపాటు వాసన లేచింది. తడిసిన పీచు వాసన. ఆ బకెట్లో చింతపండు లేదు, ఇత్తడి చెంబు లేదు. అయినా నా ముక్కు ఆ రెండింటినీ తనే కలుపుకుంది. అరవై దాటినదాన్ని, నా మోకాళ్లు రెండూ చెరో భాషలో మూలుగుతాయి. అలాంటిదాన్ని చటుక్కున లేచి నిలబడ్డాను. మా మామ్మ గరాజ్‌లోకొచ్చి నా వెనక నిలబడ్డట్టు అనిపించింది.

ఇదంతా ఒక తాబేలు కోసం. దాని పేరు పక్కింటావిడ. మొన్న వసంతంలో మా నాన్న పోయారు. మిజోరీలో ఆయన ఇల్లు ఖాళీ చేసేసరికి ఎండాకాలం అయిపోయింది. పుస్తకాలు లైబ్రరీకి, సోఫాలు చర్చి వాళ్లకి, చొక్కాలు ఎవరెవరికో వెళ్లాయి. ఎవరికీ ఇవ్వలేనిది ఇదొక్కటే మిగిలింది. ప్లాస్టిక్ తొట్టిలో పెట్టి, తడి తువ్వాలు కప్పి, కారు వెనకసీట్లో బెల్టు కట్టి, ఎనిమిది గంటలు డ్రైవ్ చేసుకుంటూ టెక్సస్ తెచ్చుకున్నాం. దారిపొడుగునా మావారు వెనక్కి తిరిగి చూస్తూ, "మీ పుట్టింటి సారె కదులుతోంది" అని చెబుతూనే ఉన్నారు.

నీళ్లలో ఈదే రకం కాదు ఇది. అడవిలో రాలిన ఆకుల కింద బతికే నేలతాబేలు, రెండు అరచేతుల్లో ఇమిడేంత ఉంటుంది. పొట్టకింది చిప్పకి మడత ఉంటుంది. భయం వేస్తే తలా కాళ్లూ లోపలికి లాక్కుని, ఆ చిప్ప పైకి లేపి, డబ్బాకి మూత బిగించినట్టు బిగించేసుకుంటుంది. అందుకే ఇక్కడ వీటిని బాక్స్ టర్టిల్ అంటారు. తలదాచుకోవడానికి చోటు వెతుక్కోనక్కర్లేని ప్రాణి. అలాంటిదానికి మళ్లీ ఒక ఇల్లు కట్టాలట. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. రెండూ చేసి, చూసి, నీరసించి కూర్చున్నాక ఈ పని పడింది.

శాన్ రామన్‌లో ఉండే మా అమ్మాయి అంజలి రోజూ వీడియో కాల్‌లో మేస్త్రీపని చేసింది.

"అమ్మా, ల్యాంప్స్ రెండు కావాలి. ఒకటి హీట్‌కి. ఇంకోటి యూవీబీ, ఎండ బదులు."

"టెక్సస్‌లో ఎండ కొనుక్కోవాలా?"

"విండో గ్లాస్‌లోంచి వచ్చే ఎండ పనికిరాదు. లింక్ పంపాను కదా, చదవలేదా?"

చదివాను. ఒకటి కాదు, పదిహేను లింకులు చదివాను. మంచం అంత పొడుగున చెక్కపెట్టె కొన్నాను, ముందువైపు మొత్తం అద్దం. మనవరాలు వచ్చినప్పుడు బాగా కనపడుతుందని. అడుగున జానెడు మందాన తడిమట్టి, పైన ఎండుటాకులు, దూరడానికి చెక్కబెరడు గూడు, లోతులేని నీళ్లపళ్లెం, తేమ కొలవడానికి మీటరు. పుట్టి బుద్ధెరిగి కోడిగుడ్డు ముట్టనిదాన్ని, ఫ్రిజ్‌లో పెరుగు పక్కన వానపాముల డబ్బా పెట్టాను. మావారు ఆ రోజునుంచీ మజ్జిగ మానేశారు.

పక్కింటావిడ మాత్రం ఏమీ ముట్టలేదు. స్ట్రాబెర్రీ పెట్టాను, పుట్టగొడుగు పెట్టాను, వానపాములైతే సరేసరి. పొద్దున్న దీపం వెలగగానే గూడులోంచి వచ్చి, అద్దం పక్కన ఈ చివర్నించి ఆ చివరికి, ఆ చివర్నించి ఈ చివరికి, గోళ్లతో గోకుతూ నడిచేది. గర్, గర్, గర్. ఇలా మూడువారాలు. పశువుల డాక్టరమ్మ తూచి, "పెద్దప్రాణం, చోటు మారితే అలుగుతాయి. కానీ బరువు తగ్గుతోంది. ఇంకో వారం చూడండి" అంది. ఆ సాయంత్రం అంజలి చాలా జాగ్రత్తగా, నేనే ముసలి తాబేలునన్నట్టు మాట్లాడింది. "ఇంకో వారం చూద్దాం అమ్మా. అప్పటికీ తినకపోతే రెస్క్యూ వాళ్లకి ఇచ్చేద్దాం. వాళ్లకి తెలుస్తుంది ఏం చెయ్యాలో."

సరే అన్నాను. ఆ మాట నోట్లోంచి బయటికి తల పెట్టిందే కానీ మళ్లీ వెంటనే లోపలికి లాక్కుంది. అంతమందీ పోయాక ఆ ఇంటిది మిగిలింది ఈ ఒక్క ప్రాణమే. దాన్ని నా చేతుల్లో ఆకలికి ఒగ్గెయ్యలేను, చేతులారా ఇచ్చెయ్యనూ లేను. ఆ రోజుల్లోనే ఈ పీచు తడపడం. మట్టి తీసేసి పీచు వేస్తే ఏమైనా మారుతుందేమోనని.

నాకప్పుడు పదకొండేళ్లు. మిజోరీలో మా ఊరు ఒకే ఒక్క ట్రాఫిక్ లైటున్న ఊరు. నాన్న అక్కడి ఆసుపత్రిలో మత్తుడాక్టరు, అమ్మ అదే ఆసుపత్రిలో ల్యాబ్‌లో పనిచేసేది. మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, విజయనగరంనుంచి వచ్చి ఏడాది అయింది. అమెరికాలో కొబ్బరిచెట్లు ఉండవని ఎవరో చెప్పారట, ట్రంకుపెట్టెలో సగం బట్టలు, సగం కొబ్బరిపీచు తెచ్చుకుంది. ఇంట్లో గిన్నెలు తోమే మిషను ఉండేది. దాన్ని నీళ్లు తాగే బీరువా అనేది, అందులో కందిపప్పూ మినప్పప్పూ డబ్బాల్లో పెట్టుకునేది. తన ఇత్తడి చెంబు మాత్రం రోజూ పొద్దున్నే సింకు దగ్గర పీచూ చింతపండూ పెట్టి తోముకునేది. నేను స్కూల్ బస్సుకోసం ఎదురుచూస్తూ తినే సీరియల్‌కి ఇప్పటికీ నా జ్ఞాపకంలో ఆ పులుపు వాసనే. మధ్యాహ్నాలు ఇల్లంతా తనొక్కతే. నేను రాగానే వాళ్ల చెల్లెలి ఉత్తరాలు నా చేత పెద్దగా చదివించేది. తనకి చదవడం రాక కాదు, నాకు రాక. నా తెలుగు ఇలా ఉందంటే ఆ ఉత్తరాల పుణ్యం. ఇప్పటికీ దాని నడక మెల్లగానే, ఎవరైనా తప్పు పడితే తల లోపలికే.

ఆ ఇంటిమీద మామ్మకి ఒకటే ఫిర్యాదు. గడపలు లేవు. "వాకిలి దగ్గర గడప లేదు, గదులకి గడప లేదు. తివాసీ ఇలా వరదలాగా పారిపోతోంది. ఏటి లోపలికొచ్చిందో, ఏటి రాలేదో ఎలా తెలుస్తుందే గుంటా?" అనేది. ఆడపిల్లని గుంట అనడం వాళ్లవైపు ముద్దు. ఆ ముద్దులో మొట్టికాయ కూడా ఉండేది.

ఆకులు రాలిపోతున్న రోజుల్లో ఒక సాయంత్రం నాన్న కోటులో ఏదో చుట్టుకుని ఇంటికొచ్చారు. వంటింటి బల్లమీద విప్పితే తాబేలు. వీపుచిప్ప మీద పెద్ద పగులు, దానిమీద బంకపూసిన గుడ్డ అతుకు.

"రోడ్డు దాటుతోంటే ఎవడో గుద్దేసి పోయాడమ్మా. పశువుల డాక్టరు అతికాడు. ఈ చలికాలం బయట వదిలితే బతకదట. వసంతం వచ్చేదాకా ఇంట్లో పెట్టుకోమన్నాడు."

మామ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "తాబేలు చొచ్చిన ఇల్లూ అమీనా చొచ్చిన ఇల్లూ ఒకటే బాబూ" అంది. అరవలేదు, మెల్లగానే అంది. అమీనా అంటే కోర్టునుంచి జప్తుకి వచ్చేవాడని అమ్మ నా చెవిలో చెప్పింది.

"అది చొచ్చలేదమ్మా, నేనే తెచ్చాను."

"నువ్వు తేవడమే చొచ్చడం."

"శ్రీకూర్మంలో వీటికి పూజలు చేస్తారు కదా."

"గుళ్లో దేవుడు. ఇంట్లో కాదు."

మేమెవరం నవ్వలేదు. ఎందుకంటే విజయనగరం ఇంట్లో ఒక వానాకాలం తూములోంచి తాబేలు లోపలికొచ్చిందనీ, ఆ నెలలోనే తాతయ్య పోయారనీ మాకు తెలుసు. మామ్మ ఆ సంగతి ఒక్కసారే చెప్పింది, రెండోసారి చెప్పలేదు. ఇప్పుడు ఆవిడ చూపు తాబేలు మీద లేదు. మంచుపడే రోడ్ల మీద రోజూ ఆసుపత్రికి కారు నడుపుకుంటూ వెళ్లే కొడుకు మీదుంది. కత్తి దిగినా తెలియకుండా మనుషుల్ని నిద్రపుచ్చగల డాక్టరు, వాళ్లమ్మ ముందు మాత్రం తనే మత్తెక్కినట్టు నిలబడిపోయారు.

మర్నాడు మామ్మ తన చెంబూ, గిన్నెలూ, కరెంటు పొయ్యీ తీసుకుని గరాజ్‌లోకి కాపురం మార్చింది. పడుకోవడానికి మాత్రం తన గదికి వచ్చేది, అదీ వెనక తలుపులోంచి. చీర మీద నాన్న పాత ఓవర్‌కోటు, తలకి నా ఉన్నిటోపీ, బట్టలుతికే మిషను మీద పొయ్యి. నోట్లోంచి ఆవిరి, గిన్నెలోంచి ఆవిరి.

"అత్తయ్యా, న్యుమోనియా వస్తుంది, లోపలికి రండి" అని అమ్మ బతిమాలింది.

"వస్తే నాకొస్తుంది. వాడికి రాకుండా ఉంటే చాలు."

నాన్న ఒక వారం గడువు అడిగారు. వారంలో దానికి మరోచోటు చూస్తానన్నారు. చూస్తే దొరుకుతుందా? ఆ ఊళ్లో తాబేలుని ఎవరు పెంచుతారు? ఎటూ తేలని లెక్క. తాబేలు లోపలుంటే మామ్మ చలిలో, మామ్మ లోపలికి రావాలంటే తాబేలు చలిలో. నాకు ఇద్దరూ కావాలి. పదకొండేళ్లదాన్ని, ఇలాంటి లెక్కలకి స్కూల్లో వెనక పేజీలో జవాబు ఉండేది.

తాబేలుని మేం హాలు పక్కన గదిలో, పాత చేపలతొట్టిలో పెట్టాం. అద్దం తొట్టి, అడుగున రంగుగులకరాళ్లు, పైన బల్బు. లెట్యూస్ ఆకులు వేశాం, ముట్టలేదు. మా ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా పెరుగన్నమే మందు కాబట్టి నేను ఎవరికీ చెప్పకుండా అది పెట్టాను. మూడోరోజుకి దాని కళ్లు రెండూ వాచి మూసుకుపోయాయి. కళ్లు మూసుకునే అద్దాన్ని గోకేది. గర్, గర్, గర్. పగలంతా ఇంట్లో ఉండేవి రెండే ప్రాణాలు. గోడకి ఇటు ఒకటి, అటు ఒకటి.

నాలుగోరోజు స్కూల్నించి వచ్చేసరికి గరాజ్ ఖాళీగా ఉంది. గదిలో మామ్మ, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని తొట్టిముందు గొంతుక్కూర్చుని ఉంది. తొట్టి నాలుగువైపులా కిరాణాకొట్టు కాగితపు సంచులు చింపి అంటించేసింది.

"మామ్మా, నువ్వు లోపలికొచ్చావేటి?"

"ఊరుకో. పొద్దుట్నించీ గోకి గోకి నా బుర్ర తినేస్తోంది. అద్దం గోడని దానికేటి తెలుసు? వెలుతురున్న చోటల్లా దారే అనుకుంటోంది పిచ్చిది. చూడిప్పుడు."

చూశాను. తాబేలు మూలకి ఒదిగి కూర్చుంది. గోకడం లేదు.

"ఎందుకాగిపోయింది?"

"దారి లేదని తెలిసింది. తెలిస్తే ఎవరైనా కూర్చుంటారు." చెయ్యిపెట్టి గులకరాళ్లు కెలికింది. "ఎవరైనా రాళ్లమీద పడుకుంటారేటి? ఎండిపోయున్నాయి. ఈ హీటరు గాలికి నాకే ముక్కు పగిలిపోతోంది, కళ్లు మండిపోతున్నాయి. దీని కళ్లు మూసుకుపోవూ మరి?" పళ్లెంలో తెల్లగా ఎండిపోయినదాన్ని వేలితో చూపించింది. "ఇదెవరి వైద్యం?"

నేను నేల చూశాను.

"మీ నాన్న కూతురివే" అంది.

ఆ శనివారం ఇంట్లో కట్టుబడి మొదలైంది. నాన్న మందుల పుస్తకాల బీరువా ఖాళీచేయించి, వెల్లకిలా పడుకోబెట్టించింది మామ్మ. చుట్టూ చెక్కగోడలు, పైన ఆకాశం. మధ్యలో అడ్డచెక్క పెట్టి రెండు భాగాలు చేయించింది. బల్బు కిందది వసారా, చీకటిది గది. వసారా తూర్పుకి ఉండాలని బీరువాని మూడుసార్లు జరిపించింది. ఫ్రిస్కోలో ఇప్పుడు మన పిల్లలు ఈస్ట్ ఫేసింగ్ ఇల్లు దొరక్క ఏళ్లతరబడి అద్దెకుంటున్నారు. మా తాబేలు అప్పుడే తూర్పు వాకిట్లో కూర్చుంది. తన ట్రంకుపెట్టెలో పీచు మొత్తం తీసి, విడదీసి, తడిపి, పెరట్లో మట్టీ రాలిన ఆకులూ కలిపి పరిచింది. పగిలిన పూలకుండీ సగం బోర్లించింది. ఇల్లంతా ఆ వాసన.

చివరికి నాన్నని చెక్క కొయ్యమంది, మూరెడు పొడుగు, రెండంగుళాల ఎత్తు. "గదికీ వసారాకీ మధ్య గడప పెట్టు."

"తాబేలుకి గడపేంటమ్మా?"

మామ్మ నడుంమీద చేతులు పెట్టుకుంది. నాలుగురోజులు చలిలో నిలబడి ఆలోచించినదంతా అప్పుడు చెప్పింది. "తాబేలు ఇల్లు చొచ్చితే దోషం. దానిల్లు దానికుంటే అది మనిల్లు చొచ్చినట్టెలా అవుతుంది? పక్కింట్లో ఉన్నట్టవుతుంది. పక్కింట్లో తాబేలుంటే మనకేటి?"

నాన్న రంపం కింద పెట్టేసి వాళ్లమ్మని అలా చూస్తూ ఉండిపోయారు. మామ్మ నియమం తప్పలేదు, నియమానికే తలుపు పెట్టింది.

గడపకి పసుపు రాసి బొట్లు పెట్టింది. గృహప్రవేశం అన్నాక దిష్టికి గుమ్మడికాయ కొట్టాలి. అది హాలోవీన్ వెళ్లిన వారం. ఊళ్లో ప్రతి ఇంటిముందూ గుమ్మడికాయలు దిక్కులేక పడున్నాయి. నన్ను ఎదురింటికి పంపించి ఒకటి అడిగించింది. వాళ్లు ఆనందంగా మూడిచ్చారు. పాలు పొంగించడానికి మాత్రం గరాజ్ పొయ్యి పనికిరాదని, మా వంటింట్లోకి వచ్చి మా స్టవ్ మీద పెట్టింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మామ్మ ఆ తర్వాత గరాజ్‌కి వెళ్లలేదు, పొయ్యి నేనే లోపలికి తెచ్చాను.

తాబేలుని నా చేతికిచ్చి, "కుడికాలు ముందు పెట్టించు" అంది.

"ఏ కుడికాలు మామ్మా? ముందుదా, వెనకదా?"

మామ్మ ఒక్క క్షణం శాస్త్రం వెతుక్కుంది. "రెండూ" అంది.

అది రెండు కుడికాళ్లతోనూ గడప ఎక్కింది, ఎక్కి అక్కడే ఆగిపోయింది. పొట్ట గడపమీద, ముందుకాళ్లు వసారాలో, వెనకకాళ్లు గదిలో. మామ్మ నాకు రోజూ చెప్పే మాటే దానికీ చెప్పింది. "గడపమీద నిలబడకూడదు. లోపలికో, బయటికో. తేల్చుకో."

తేల్చుకోవడానికి పావుగంట తీసుకుంది. ఆ తర్వాత మెల్లగా వసారాలోకి దిగి, కళ్లు మూసుకునే మెడ సాచి, కుంకుమ తగలని గుమ్మడి ముక్క ఒకటి వాసన చూసి కొరికింది. కళ్లవాపుకి గుమ్మడి మంచిదని పశువుల డాక్టరు తర్వాత చెప్పాడు. మామ్మకి అది ముందే తెలుసా అంటే, తెలియదు. దిష్టికోసం కొట్టింది. అంతే.

ఆ రోజునుంచీ అది పక్కింటావిడ. "పక్కింటావిడ లేచిందేమో చూడు." "పక్కింటావిడకి నీళ్లు మార్చు." మధ్యాహ్నాలు మామ్మ బీరువా పక్కన పీట వేసుకుని చిక్కుళ్లు గిల్లుతూ, చెల్లెలి ఉత్తరాల్లో సంగతులన్నీ దానికి చెప్పేది, నాకు చెప్పనివి కూడా. కళ్లు తెరిచాక చూస్తే ఎర్రగా ఉన్నాయి. ఎర్రకళ్లుంటే మగదని వసంతంలో డాక్టరు చెప్పాడు. మామ్మ నోటిమీద చెయ్యి వేసుకుని, "ఇన్నాళ్లూ ఆడవాళ్ల గుట్టంతా విన్నాడా" అని కొంగు సరిచేసుకుంది. పేరు మాత్రం మార్చలేదు.

ఆ చలికాలంలోనే ఒక మధ్యాహ్నం మంచువాన పడింది. తీగలు తెగి ఫోన్లు పోయాయి. నాన్న రావలసిన వేళ దాటి రెండుగంటలైంది. అమ్మ కిటికీ దగ్గర, నేను అమ్మ దగ్గర. మామ్మ మాత్రం వెళ్లి బీరువా పక్కన కూర్చుంది. ఇక అయిపోయింది అనుకున్నాను. నాన్నకి ఏమైనా అయితే, కాకపోయినా సరే, ఈ తాబేలుకి ఈ ఇంట్లో నూకలు చెల్లినట్టే. చీకటి పడేలోపల నాన్న నడుచుకుంటూ వచ్చారు. కారు గుంటలోకి జారింది, ఆయనకి గీత కూడా పడలేదు, మైలున్నర నడిచారు. కనుబొమల మీద మంచు. మామ్మ ఆయన్ని కాలినుంచి తలదాకా తడిమి చూసింది. తర్వాత గదిలోకి వెళ్లింది. మేమంతా వెనకే వెళ్లాం. ఫ్రిజ్‌లోంచి గుమ్మడిముక్క తీసి గడప అవతల పెడుతోంది. "చూశారా. నిజంగా ఇది ఇల్లు చొచ్చి ఉంటే వీడు ఇవాళ వచ్చేవాడేనా?"

వసంతంలో తీసుకెళ్లి అడవిలో వదిలేస్తానన్నారు నాన్న. "ఇల్లున్నవాళ్లని ఎక్కడికి పంపుతావు?" అంది మామ్మ. ఆ ఇంటినుంచి నేను చదువుకి వెళ్లాను. తర్వాత మామ్మ వెళ్లింది, తర్వాత అమ్మ. చివరి పదేళ్లూ నాన్నా పక్కింటావిడా ఇద్దరే. ప్రతి ఉగాదికీ ఆయన ఆ గడపకి పసుపు రాసేవారట. ఇల్లు ఖాళీచేస్తూ ఆ చెక్క తీసి చూస్తే, పొరమీద పొర, చెక్కకన్నా పసుపే మందంగా ఉంది.

ఆ చెక్కని నేను తెచ్చాను. తెచ్చి, డబ్బాలోనే ఉంచేశాను. పదిహేను లింకుల్లో ఒక్కదాంట్లోనూ గడప లేదు మరి. ల్యాంపు ఎన్ని వాట్లో ఉంది, తేమ ఎంతుండాలో ఉంది. మామ్మకి ఇవేవీ తెలియవు. ఆవిడ దగ్గరున్న మీటరు తన పగిలిన ముక్కే. నాకు మీటరుంది, ముక్కు బాగానే ఉంది, అందుకే కాబోలు ఏమీ తెలియలేదు. బకెట్ ముందు నిలబడి, గదిలోంచి వస్తున్న గర్, గర్, గర్ మొదటిసారి సరిగ్గా విన్నాను. మూడువారాలుగా దాన్ని అద్దం వెనక పెట్టి, నాకు కనపడుతోంది కదా అని సంతోషించాను. దానికి కూడా ప్రపంచమంతా కనపడుతోందని తట్టలేదు.

ఇండియన్ స్టోర్ కాగితపు సంచులు నాలుగు చింపి అద్దమంతా అంటించాను. లోపల కొత్త పీచు పరిచి, అడ్డచెక్క పెట్టాను. డబ్బాలోంచి గడప తీసి మధ్యలో అమర్చాను. అక్టోబరు చివర కాబట్టి గుమ్మడికాయకి వెతుక్కోనక్కర్లేదు, మా ఇంటిముందే ఉంది. దాన్ని గరాజ్ నేలకేసి కొట్టిన చప్పుడుకి మావారు బయటికొచ్చారు. నావంకా, ముక్కలవంకా, గడపవంకా చూశారు.

"పాలు కూడా పొంగిస్తావా?"

"స్టవ్ ఖాళీగా ఉందా?"

"నేనే పెడతాను. పొంగితే తుడవాల్సింది ఎలాగూ నేనే" అని లోపలికెళ్లారు.

అంజలి ఫోన్ చేసింది. కెమెరాని పెట్టె వైపు తిప్పాను.

"అమ్మా, గ్లాస్ ఎందుకు కవర్ చేశావు? ఆ ఎల్లోది ఏంటి?"

"గడప."

"దానికి గడప ఎందుకు?"

చెప్పాను. తూము, తాతయ్య, గరాజ్ కాపురం, పక్కిల్లు, అన్నీ. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదని చెబుతుంటేనే తెలిసింది. అంజలి, "తరవాత నాకు పంపిస్తావు కదా?" అంది.

"తాబేలునా?"

"రెండూ."

పాలు పొంగిన వాసన వచ్చింది. గది గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. చాలాసేపటికి పీచు కదిలింది. ముందు తల, అతుకుపడిన వీపు, ముందుకాళ్లు. గడప ఎక్కి, పొట్ట ఆనించి, అక్కడే ఆగిపోయింది. ఎర్రటి కళ్లు. అవతల గుమ్మడిముక్క.

"గడపమీద నిలబడకూడదు" అన్నాను. నా గొంతులో ఆ యాస ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు. "లోపలికో, బయటికో. తేల్చుకో."

అది తన తీరికలో తను ఆలోచిస్తోంది. అప్పుడు చూసుకున్నాను, ఒక కాలు గదిలో, ఒక కాలు హాల్లో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది నేనూనూ. ఈ ఇళ్లకి గడపలుండవు కాబట్టి ఇంతసేపూ నాకు తెలియలేదు. లోపలికి వచ్చి, పీట జరుపుకుని, పెట్టె పక్కన కూర్చున్నాను. మోకాళ్లు చెరోమాటా అన్నాయి. అవి సర్దుకునేసరికి అటువైపునుంచి ఒక చిన్న చప్పుడు వినపడింది. గోకుడు కాదు. మెత్తగా, తడిగా, గుమ్మడికాయని కొరికిన చప్పుడు.